రాత్రి కరెంటు, చేతికట్టె, ధైర్యం

మా ఇంటి దర్వాజ పక్కన గోడ మీద బొగ్గుతో రాసి ఉండేది: ఈ వారం పగలు, వచ్చే వారం రాత్రి. అది కరెంటు వంతు. దేవరకొండ దిక్కు బోరు ఉన్న ప్రతి ఇంట్లో ఏదో ఒక రూపంలో ఆ లెక్క ఉండేది. రాత్రి వంతు వచ్చిన వారం నాయిన ఒంటిగంటకో రెండింటికో లేచి, తలకు తువాల చుట్టుకొని, ఒక చేతిలో బ్యాటరీ లైటు, ఇంకో చేతిలో కట్టె పట్టుకొని బాయికాడికి పోయేవాడు. మోటరు వేసి, మడికి నీళ్లు మళ్లించి, కరెంటు పోయేదాకా ఒడ్డు మీద కూర్చునేవాడు.

ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒక రాత్రి నేను కూడా వెంటబడ్డాను. ఆయన నడక పగటి నడకలా లేదు. నాలుగడుగులకోసారి కట్టెతో నేలను గట్టిగా కొట్టేవాడు, క్షణం ఆగేవాడు, మళ్లీ నడిచేవాడు. ఒడ్డు మలుపులో గడ్డి గుబురుగా ఉన్న చోట లైటు అటూ ఇటూ తిప్పి, గడ్డిని కట్టెతో విడదీసి చూశాక గానీ కాలు పెట్టలేదు. స్టార్టరు డబ్బా దగ్గరికి చేరాక తువాలతో చేతులు తుడుచుకున్నాడు. తర్వాత చెయ్యి తిరగేసి వేళ్ల వెనక భాగాన్ని డబ్బాకు ఒక్కసారి తాకించి చూశాడు. డబ్బాకు కరెంటు వస్తుంటే అరచెయ్యి బిగుసుకొని దాన్నే పట్టేసుకుంటుంది, వెనక చెయ్యి అయితే విదిలించుకొని వస్తుంది అని ఆయన లెక్క. (ఏ లైన్‌మన్ కూడా ఈ పద్ధతిని మెచ్చుకోడు. మీరు టెస్టరు కొనుక్కోండి.)

"భయమైతలేదా నాయినా?" అని అడిగాను.

"ఎందుక్కాదురా? భయమైతది గన్కనే కట్టె తెచ్చిన" అన్నాడు.

ఆ జవాబు నాకు అప్పుడు నచ్చలేదు. మర్నాడు బడిలో మా నాయిన రాత్రిపూట ఒక్కడే బాయికాడికి పోతాడని గొప్పలు చెప్పుకున్నాను గానీ, ఆయనకు భయమవుతుందన్న సంగతి మాత్రం దాచిపెట్టాను. ధైర్యం అంటే భయం లేకపోవడం అనే అప్పటికి నా లెక్క. చాలామంది లెక్క పెద్దయ్యాక కూడా అదే. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో చూద్దాం.

పట్టుకోవడమా, తెంచుకోవడమా

ముందు మన మాటల్నే చూడండి. ధైర్యం, తెగువ, సాహసం, హిమ్మత్, దమ్ము అని మనం ఒకే గంపలో వేసేస్తాం. కానీ అవి ఒకదానితో ఒకటి పొసగేవి కావు.

ధైర్యం ధీరుడి గుణం. 'ధీర' అనే మాటలో రెండు పాయలు కలిశాయని సంస్కృత నిఘంటువులు చెబుతాయి. ఒకటి పట్టి నిలపడం అనే అర్థమున్న 'ధృ' ధాతువు, రెండోది బుద్ధి అనే అర్థమున్న 'ధీ'. ధరించడం, ధారణ, ధర్మం అన్నీ ఆ మొదటి పాయలోవే. తెగువ దానికి సరిగ్గా ఎదురు. అది 'తెగు' నుంచి వచ్చిన అచ్చ తెలుగు మాట. తాడు తెగినట్టు, కట్ట తెగినట్టు. "తెగించినోడికి తెడ్డే లింగం" అన్న సామెతలో తెగించినవాడు ఏమీ పట్టుకొని లేడు, అన్నీ వదిలేసుకున్నాడు. ధైర్యవంతుడు ఏదో ఒకదాన్ని గట్టిగా పట్టుకుని ఉంటాడు, తెగించినవాడు పట్టుకున్నదాన్ని తెంచుకుంటాడు. బయటినుంచి చూస్తే ఇద్దరూ ముందుకే దూకినట్టు ఉంటుంది.

సాహసం సంగతి ఇంకా విచిత్రం. పాత ధర్మశాస్త్రాలు తగాదాలను పద్దెనిమిది రకాలుగా విడదీశాయి. వాటిలో 'సాహసం' ఒకటి. అక్కడ దాని అర్థం బలవంతపు నేరం, దౌర్జన్యం. ఇవాళ పతకాలు ఇచ్చే పనికి ఒకప్పుడు దండన వేసేవాళ్లు. ఇక దమ్ము అంటే ఊపిరి, పారసీ నుంచి ఉర్దూ మీదుగా మన బజార్లోకి వచ్చింది. "దమ్ముంటే రా" అని మీసం మెలేసేవాడికి ఆ సంగతి తెలియకపోవచ్చు గానీ, ఊపిరికీ భయానికీ ఉన్న చుట్టరికం చాలా దగ్గరిది. ఆ మాటకు ఇప్పుడే వస్తాను.

పామును చూసి భయపడని మనిషి

అమెరికాలో ఒకామె ఉంది. శాస్త్ర పత్రాల్లో ఆమెను ఎస్.ఎం. అనే రెండక్షరాలతోనే పిలుస్తారు. చాలా అరుదైన ఉర్బాక్-వీథ్ అనే జబ్బు వల్ల ఆమె మెదడులో రెండు వైపులా ఉండే అమిగ్డలాలు పాడైపోయాయి. ప్రమాదాన్ని పసిగట్టి ఒళ్లంతా గంట కొట్టే బాదంగింజంత భాగాలవి. 2010లో ఆమె మీద వచ్చిన పరిశోధన చదివితే ముచ్చట వేయదు, జాలి వేస్తుంది. పాములంటే అసహ్యమని నోటితో చెబుతూనే, పాములమ్మే దుకాణానికి తీసుకుపోతే ఒకదాన్ని చేతిలోకి తీసుకొని ఆడించింది. విషం ఉన్నవాటిని కూడా ముట్టుకుంటానని మళ్లీ మళ్లీ అడిగింది. అంతకు ఏళ్ల ముందు ఒక పార్కులో ఎవడో ఆమె గొంతు మీద కత్తి పెట్టాడు. మర్నాడు ఆమె అదే పార్కు మీదుగా నడిచి వెళ్లింది.

ఆమెను ధైర్యవంతురాలు అందామా? నా నోరు రాదు. కట్టె తీసుకుపోవాలన్న ఆలోచన కూడా రాని మనిషి ఆమె. మన సినిమా హీరోను నిజంగా పుట్టిస్తే ఇట్లాగే ఉంటాడు, ఎక్కువ రోజులు బతకడు.

దీనికి ఒక కొసరు ఉంది. 2013లో పరిశోధకులు ఆమెతో 35 శాతం బొగ్గుపులుసు వాయువు కలిసిన గాలిని ఒకే ఒక్కసారి పీల్పించారు. ఊపిరాడనట్టు అయ్యేసరికి ఆమె గింగిరాలు తిరిగిపోయి, ముఖానికి పెట్టిన మాస్కు పీకేయబోయింది. పాముకు, కత్తికి బెదరని మనిషి దమ్ము ఆగిపోతుందనగానే బెదిరింది. అమిగ్డలా లేకపోయినా లోపల ఇంకో గంట ఉందన్నమాట.

అదే 2010లో ఇజ్రాయెల్‌లో ఇంకో ప్రయోగం జరిగింది. ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టిన మనుషుల తలవైపుకు ఒక పట్టీ మీద నిజం పామును పెట్టారు. మీట నొక్కితే పాము దగ్గరికి వస్తుంది, ఇంకో మీట నొక్కితే దూరం పోతుంది. పామంటే భయమున్నా దగ్గరికి రప్పించుకున్న క్షణాల్లో ఒక సంగతి బయటపడింది. నాకు చాలా భయమవుతుంది అని నోటితో చెప్పినప్పుడు ఒంట్లో చెమట తక్కువగా ఉంది. ఒళ్లు చెమటలు పడుతున్నప్పుడు మనసుకు అంత భయం లేదు. మనసు, ఒళ్లు రెండూ ఒకేసారి భయంతో నిండినప్పుడు మాత్రం మనిషి లొంగిపోయి పామును దూరం నెట్టేశాడు.

ఇది చదివినప్పుడు నాకు నాయిన కట్టె చప్పుడు వినపడింది. పాము చెవులతో మనలా వినదు గానీ నేల అదురును దవడ ఎముకలతో పట్టుకుంటుంది, చాలాసార్లు తప్పుకుంటుంది. రక్తపింజర మాత్రం కదలకుండా అక్కడే చుట్టుకొని ఉంటుంది, దానికోసమే లైటు. అంతవరకు కట్టె పాము కోసం. కానీ నాలుగడుగులకోసారి కొట్టడం, ఆగడం, నడవడం అనే ఆ తాళం నాయిన ఒంటి కోసం కూడా అని నా అనుమానం. మనసు భయపడుతుంటే చేతికీ కాలికీ ఒక పని ఇచ్చాడు, రెండూ ఒకేసారి లొంగకుండా చూసుకున్నాడు. అది ఉత్తుత్తి భయమేమీ కాదు. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది పోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. ఎక్కువమంది పల్లెల్లోనే, వానాకాలంలోనే.

ఒక చోటి ధైర్యం ఇంకో చోట చెల్లదు

అదే నాయిన తహసీల్దారు ఆఫీసుకు పోతే గేటు దగ్గరే గొంతు తగ్గించేవాడు. పట్టా పాసుపుస్తకంలో ఒక సర్వే నంబరు తప్పు పడింది. దాన్ని సరిచేయమని అడగడానికి మూడుసార్లు పోయి, మూడుసార్లూ చెట్టు కింద కూర్చొని, "సారు బిజీగున్నడు" అని తిరిగొచ్చాడు. రాత్రి రెండింటికి కట్లపాము తిరిగే ఒడ్డు మీద నడిచే మనిషి ముప్పయ్యేళ్ల గుమాస్తా ముందు నిలబడలేకపోయాడు. నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఒడ్డు మీద ఆయనకు కట్టె ఉంది, ఎక్కడ కొట్టాలో తెలుసు. ఆ ఆఫీసులో ఆయన చేతిలో ఏముంది?

ధైర్యం పెట్టెలో దాచుకున్న బంగారం లాంటిది కాదు, ఎక్కడికి తీసుకుపోయినా ఒకే ధర పలకదు. బాంబులు నిర్వీర్యం చేసే సైనికుడు భార్యతో తప్పయిందని అనలేకపోవచ్చు. సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో తన 16 బిహార్ రెజిమెంటు మనుషుల ముందు నిలబడి ప్రాణం ఇచ్చాడు. మహావీర చక్ర ప్రకటించారు, ఊర్లో విగ్రహం పెట్టారు. విగ్రహం ఆ ఒక్క రాత్రిని చూపిస్తుంది. చిన్నప్పుడు సైనిక్ స్కూల్‌కు పంపిన రోజు నుంచి ఆ రాత్రిదాకా నడిచిన అలవాటును విగ్రహంలో చెక్కడం కుదరదు.

అప్పుల్లో మునిగిన రైతు ప్రాణం తీసుకుంటే మన ఊర్లలో రెండు మాటలు వినపడతాయి. "పిరికోడు" అని కొందరు, "చచ్చుడుకు గూడ ధైర్యం గావాలె" అని కొందరు. రెండూ తప్పుడు మాటలే. అక్కడ తూకం వేయాల్సింది ధైర్యాన్ని కాదు, బాధను. "నాతోని అయితలేదు, జర ఇను" అని ఇంకొకరితో అనగలగడం మాత్రం చాలా గుండె నిబ్బరం కావలసిన పని. ముఖ్యంగా మన మగవాళ్లకు. ఆ మాట ఇంట్లోవాళ్లతో అనలేకపోతే 14416కు ఫోన్ చేసి అయినా అనవచ్చు. టెలీ మానస్ అని 2022లో మొదలైంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.

తాడు చివర ఎవరున్నారు

అచ్చంపేట దాటి, మన్ననూరు మీదుగా నల్లమలలోకి పోతే చెంచుల దగ్గర తేనె తీసే ముచ్చట వింటారు. కొండచరియ అంచున నిలువునా వేలాడే పెద్ద తేనెపట్టు. అడవి తీగలు పేనిన తాడు కట్టుకొని ఒకడు కిందికి దిగుతాడు, పొగ పెట్టి ఈగలను లేపుతాడు, పట్టును కోసి బుట్టలోకి తీసుకుంటాడు. కాలి కింద నేల లేదు, ముఖం చుట్టూ ఈగలు. పైన తాడు పట్టుకునేవాడు ఎవరైనా సరిపోరు. బావమరిది పట్టుకోవాలి అని వాళ్ల ఆనవాయితీ. తోడబుట్టినవాడు కూడా కాదు. సొంత అన్నదమ్ముడికైనా పంపకాల లెక్క ఉండొచ్చు గానీ, బావమరిది తన అక్క పసుపుకుంకుమలు తుడిచిపెట్టుకోడు కదా.

ఈ ముచ్చటలో అందరూ దిగినవాణ్నే చూస్తారు. నేను పైవాణ్ని చూడమంటాను. అతనికి ఈగలు కుట్టవు, లోయ కనపడదు. చేతిలో ఇంకొకరి బరువు ఉంటుంది, ఆ బరువు కదిలినప్పుడు ఎందుకు కదిలిందో తెలియదు. ఇంకో సంగతి కూడా ఉంది. దిగేవాడి ధైర్యం సగం ఆ తాడు చివరే ఉంది. తాడు ఎవరు పట్టుకున్నారో తెలియకపోతే వాడు దిగడు. దిగితే అది ధైర్యం కాదు, తెగింపు.

చాకలి ఐలమ్మ కథను మనం సాధారణంగా ఒంటరి పులి కథలా చెప్పుకుంటాం. పాలకుర్తి అప్పట్లో, నిజాం పాలనలో, నల్గొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. ఆమె కౌలుకు తీసుకొని దున్నిన భూమి మీద, పండిన పంట మీద విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కన్ను పడింది. పంట కోసుకురమ్మని మనుషులను పంపాడు. ఆమె గుండె ఎంత గట్టిదైనా ఒక్కతే అంతమందిని ఆపలేదు. ఆంధ్ర మహాసభ సంఘం వాళ్లు దిగారు, దొర మనుషులను తరిమారు, పంట కోసి ఆమె ఇంటికి చేర్చారు. ఆమె ముందే సంఘంలో చేరి ఉంది. చేరడమే ఆమె చేసిన మొదటి ధైర్యపు పని, చాటింపు లేనిది. తర్వాత ఆమె ఇల్లు తగలబెట్టారు, కుటుంబాన్ని చిత్రహింస పెట్టారు. అయినా భూమి వదలలేదు. 1985 సెప్టెంబరు 10న పోయేదాకా ఆ మనిషి పాలకుర్తిలోనే ఉంది. పక్కనే కడవెండిలో 1946 జులై 4న ఊరేగింపు మీద దొర గడీ వైపు నుంచి తుపాకులు పేలి దొడ్డి కొమరయ్య పడిపోతే, జనం ఇళ్లలోకి పారిపోకుండా గడీ మీదికి మళ్లారు. పక్కన ఇంకొకరు నిలబడి ఉన్నారన్న ఎరుక లేకపోతే తుపాకీ చప్పుడు విన్నాక కాళ్లు అటు నడవవు.

సాలమన్ యాష్ అనే మనస్తత్వవేత్త 1950ల్లో ఈ ఎరుకనే గీతలతో కొలిచాడు. మూడు గీతల్లో ఏది ముందు చూపిన గీతంత పొడుగుందో కళ్లకు స్పష్టంగా కనిపిస్తుంది, కానీ గదిలో మిగతా అందరూ కావాలనే తప్పు చెబుతారు. అప్పుడు అసలు మనిషి కూడా మూడింట ఒక వంతు సార్లు అందరితోపాటు తప్పే చెప్పాడు. కానీ గుంపులో ఒక్కరు, ఒకే ఒక్కరు, సరైన జవాబు చెబితే ఆ తప్పులు నాలుగో వంతుకు పడిపోయాయి. అంటే మొదటివాడు ఎంత ముఖ్యమో రెండోవాడు అంతే ముఖ్యం.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. డిగ్రీ రోజుల్లో ఒక ఊర్లో చాయ్ హోటల్‌కు నలుగురం పోయాం. మాలో ముగ్గురికి గాజు గ్లాసుల్లో ఇచ్చాడు, నాలుగోవాడికి ప్లాస్టిక్ కప్పులో ఇచ్చాడు. వాడి వాడకట్టు ఏదో హోటలాయనకు తెలుసు. మాతో వచ్చిన ఒకడు, నాకంటే బక్కపలచని పిలగాడు, "ఈనకెందుకు గ్లాస్ ఇయ్యలే?" అని అడిగాడు. హోటల్ నిశ్శబ్దమైంది. వాడు నా వైపు చూశాడు. నేను నా గ్లాసులోకి చూశాను. చాయ్ మీద మీగడ కట్టింది, దాన్ని వేలితో పక్కకు తీశాను, ఆ వేలు ఇప్పటికీ గుర్తుంది. మొదటివాణ్ని కావడం నా వల్ల కాలేదంటే సర్దిచెప్పుకోవచ్చు. ఆ రోజు నేను రెండోవాణ్ని కూడా కాలేకపోయాను. ప్లాస్టిక్ కప్పు అందుకున్నవాడు మాత్రం ఏమీ అనకుండా తాగి, నలుగురి డబ్బులూ వాడే ఇచ్చాడు. అది నాకు తగిలిన దెబ్బల్లో పెద్దది.

బ్యాలెట్ పుస్తకం, సొరంగం

గొంతెత్తే ధైర్యం ఎప్పుడూ గంభీరంగానే ఉండనక్కర్లేదు. నల్గొండ జనానికి ఆ సంగతి తెలుసు.

మా నేల కింద గ్రానైటు రాళ్లు. వాటిలోని ఫ్లోరైడు నీళ్లలోకి దిగుతుంది, బోరు లోతుకు పోయేకొద్దీ తరచు ఎక్కువవుతుంది. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి దిక్కు ఊర్లలో అది ఎన్నో రెట్లు ఉండేది. పళ్ల మీద గారలతో మొదలై ఎముకలు వంగిపోయేదాకా పోతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో ఫ్లోరైడు తీసే పద్ధతికి నాగపూర్ శాస్త్రవేత్తలు 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెడితే అది ఆఫ్రికా దాకా పోయింది. నీళ్లు మాత్రం ఊర్లకు రాలేదు.

1996 లోక్‌సభ ఎన్నికల్లో ఈ బాధ చెప్పడానికి జలసాధన సమితి ఒక దారి కనిపెట్టింది. నల్గొండ స్థానానికి నామినేషన్లే నామినేషన్లు. చివరికి బరిలో 480 మంది మిగిలారు. బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకమైంది, పోలింగు వాయిదా వేయాల్సి వచ్చింది. ముగ్గురికి తప్ప అందరికీ డిపాజిట్లు పోయాయి. అదే ఏడాది దేశంలో లోక్‌సభ డిపాజిట్టును 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. కట్టె పట్టలేదు, రాయి విసరలేదు. ఓడిపోతామని తెలిసి ఐదు వందలు పోగొట్టుకోవడానికి వందలమంది వరుసగా నిలబడ్డారు. పది రోజుల కూలికి తక్కువ కాదు అది. దీన్ని ధైర్యాల లెక్కలో ఎవరూ రాయరు, నేను పైవరుసలో రాస్తాను. మొదటివాడు ఎవరో, నాలుగు వందలవాడు ఎవరో తెలియని ధైర్యం.

ఆ నీళ్ల కోసమే శ్రీశైలం ఎడమగట్టు సొరంగం, దాదాపు 44 కిలోమీటర్లు. 2025 ఫిబ్రవరి 22 పొద్దున దోమలపెంట వైపు నుంచి సుమారు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలి, మట్టీ నీళ్లూ కలిసి విరుచుకుపడ్డాయి. ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్ వాళ్లు. మా నీళ్ల కోసం వచ్చిన బయటి బిడ్డలు. సైన్యం, ఎన్డీఆర్ఎఫ్, సింగరేణి రెస్క్యూ మనుషులు, 2023లో ఉత్తరాఖండ్ సిల్క్‌యారా సొరంగంలో 41 మందిని బయటికి తెచ్చిన ర్యాట్‌హోల్ మైనర్లు (ఎలుక బొరియల్లాంటి ఇరుకు దారులను చేత్తో తవ్వేవాళ్లు) అందరూ దిగారు. మార్చిలో రెండు మృతదేహాలు దొరికాయి. చివరి కొద్ది మీటర్ల మేర మాత్రం పైన రాయి ఎప్పుడు ఊడిపడుతుందో తెలియని జాగా. తవ్వితే తవ్వేవాళ్ల మీదే పడొచ్చు. ఏప్రిల్‌లో పని ఆపారు. ఆరుగురు అక్కడే ఉండిపోయారు.

లోపలికి పోయినవాళ్ల ఫొటోలు పేపర్లలో వచ్చాయి, రావాల్సిందే. కానీ "ఇక్కడినుంచి ముందుకు పోవద్దు" అని గీత గీసినవాళ్ల సంగతి నేను ఎక్కువ ఆలోచించాను. తిట్లు తప్పవని తెలిసీ ఆ కాగితం మీద సంతకం పెట్టాలి. గ్రీకు తాత్వికుడు అరిస్టాటిల్ ధైర్యాన్ని పిరికితనానికీ దుడుకుతనానికీ నడుమ పెట్టాడని పుస్తకాల్లో చదువుకుంటాం. చదువుతున్నప్పుడు అది తక్కెడ ముల్లులా సులువుగా కనిపిస్తుంది. సొరంగంలో ఆ నడిమి చోటు మీటర్లలో ఉంటుంది. జార్ఖండ్‌లో కొడుకు శవం కోసం ఎదురుచూసే తల్లికి మాత్రం ఆ గీత ధైర్యంగా కనిపించదు. కనిపించాలని అడిగే హక్కు నాకు లేదు.

ఈ సొరంగం ముందు నిలబడితే ఇంకో ప్రశ్న కూడా వదలదు. మనం కొన్ని ధైర్యాలను మరీ ఎక్కువ పొగుడుతున్నామా? పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ఆనకట్టల దగ్గర, రోడ్ల దగ్గర, బొంబాయిలో, పుణెలో. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు చేతిలో పెట్టి, పిల్లను చంకనేసుకొని, తాళం వేసిన ఇల్లు వెనక వదిలి బస్సెక్కే ఆడమనిషిని "వాళ్లది గట్టి గుండె" అని మెచ్చుకుంటాం. గట్టి గుండే. కానీ మనం ఆ మాట అనేది చాలాసార్లు అక్కడితో సంగతి ముగించడానికే. కాలువ తవ్వి ఉంటే ఆ గుండె అంత గట్టిపడాల్సిన పని లేదు. వంకర కాళ్లతో కడివెడు నీళ్లు మోసిన మనిషికి పైపు వేయాలి గానీ సన్మానం చేస్తే ఏం లాభం?

నాయిన ధైర్యం కూడా అట్లాంటిదే. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు మొదలయ్యాక ఆ ధైర్యంతో పనే లేకుండా పోయింది. దర్వాజ పక్క గోడకు సున్నం వేశారు. కట్టె గొడ్ల కొట్టంలో చూరుకు చెక్కి ఉంది. పోయినేడు ఊరికి పోయినప్పుడు ఆ రాత్రుల గురించి తీరిగ్గా రాద్దామని కాగితం పట్టుకొని నాయిన పక్కన కూర్చున్నాను. ఎన్నింటికి లేచేవాడివి, ఎన్ని పాములు చూశావు అని అడుగుతుంటే, గోలెం దగ్గర గిన్నెలు తోముతున్న అమ్మ అక్కడినుంచే అందుకుంది.

"ఆయనకేం ఎరుక? లైటు కనవడ్డంతసేపు నేను అరుగు మీద కూసునేదాన్ని. మర్రిచెట్టు కాడ లైటు మాయమైతది. మోటరు సప్పుడు ఇనొచ్చేదాక పానం పానంల ఉండకపోయేది."

నాకు ఇన్నేళ్లుగా తెలియని సంగతి. నాయినకు కూడా తెలియదని ఆయన ముఖం చూస్తే అర్థమైంది.

"మరి ఎన్నడు చెప్పకపోతివి?" అన్నాడు నాయిన.

"చెప్తే నువ్వు పోతుంటివా?" అంది అమ్మ గిన్నె బోర్లిస్తూ.

ఆ రాత్రి రెండింటప్పుడు నాకు మెలకువ వచ్చింది. నాయిన మంచం మీద లేచి కూర్చొని చీకట్లోకి చూస్తున్నాడు. పక్క మంచం మీదినుంచి అమ్మ కళ్లు తెరవకుండానే అంది: "పండుకో. మోటరు నడుస్తనే ఉన్నది."